గాలి తగలని తెలుపు

మోచేతులు దాటేదాకా నల్లటి రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, అద్దం అవతలున్న చిన్న సీసా మూత తిప్పుతోందామె. తొడుగులు పెట్టె గోడకే బిగించి ఉన్నాయి. పెట్టె నిండా నైట్రోజన్. అందులోకి మనిషి చేతులు వెళ్లొచ్చు. మనిషి పీల్చే గాలి మాత్రం వెళ్లకూడదు. పెళ్లయిన కొత్తల్లో ఈ ప్రయోగశాలలో చేరింది. జుట్టు నెరిసేదాకా చేసిన పని ఒక్కటే, గాలిని బయట ఆపడం.

ఇంట్లో భర్తకి ఆ గాలే చాలడం లేదు.

వెల్డింగ్ పొగ ఆయన ఊపిరితిత్తుల్ని ఎప్పుడో తినేసింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ గుర్రుమంటూ ఉంటుంది. మొదట్లో ఆ చప్పుడుకి ఆమెకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది ఆగిందేమోనని మెలకువ వస్తోంది.

"అత్తా, ఇవాళ తొందరగా వెళ్తానన్నావుగా?" వెనకనుంచి అడిగింది పరిశోధన చేస్తున్న అమ్మాయి. ల్యాబులో అందరికీ ఆమె అత్తే.

"మధ్యాహ్నానికల్లా వెళ్లాలి. మా ఆయనకి మాటిచ్చా."

"ఏంటి, సినిమాకా?"

"గాజు గొట్టం విరవడానికి."

అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వలేదు.

కిందటి వారం ఆయనే అడిగాడు. "ఇన్నేళ్లూ నన్నొదిలేసి ఎవరి దగ్గర కూర్చున్నావో ఒక్కసారి చూపించవే. పోయేలోగా చూస్తా." పారేయాల్సిన వాటిలోంచి ఒకటి, ల్యాబు నడిపే మేడంని అడిగి తీసుకొచ్చింది. వేలెడంత గాజు గొట్టం, రెండువైపులా మంటతో మూసింది. లోపల తెల్లటి స్ఫటికాలు.

ఆయన బల్బు వెలుతురుకి ఎత్తి చూశాడు. "దీనికోసమా? ఉప్పులా ఉంది."

"గాలి తగిలితే నీలమవుతుంది."

"ఎందుకట?"

మేడం పిల్లలకి చెబుతుండగా విని విని ఆమెకి వచ్చేసింది. "మధ్యలో రాగి ఉంటుంది. చుట్టూ నలుగురు దాన్ని పట్టుకుని ఉంటారు, ఒక్కొక్కరూ ఒక్కో మూల. గాలి వచ్చి ఆ రాగి దగ్గర్నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుపోతుంది."

"ఒక్కటే?"

"ఒక్కటే. కంటికి కూడా ఆనదు. కానీ అది పోయాక ఆ నలుగురూ ఎక్కడివాళ్లక్కడ ఉండలేరు. జరగాలి, ఒరగాలి, వేరేలా సర్దుకోవాలి. వాళ్లు కదిలేసరికి స్ఫటికం బీటలు తీస్తుంది. రంగు మారిపోతుంది."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ పోయినదాన్ని తిరిగిచ్చేస్తే?"

"తెలుపొస్తుంది. పగిలింది మాత్రం అతుక్కోదు."

"అయితే విరిచెయ్. చూస్తా."

"ఇప్పుడు చీకటిపడింది. శుక్రవారం పెందలాడే వస్తా. వెలుగులో ఇద్దరం చూద్దాం."

ఇవాళే శుక్రవారం. పొద్దున చూస్తే ఆయన పెదవుల్లో రంగు లేదు. గోళ్ల కింద నీలం. ఆమె చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుంది. "ఏమండీ, మానేయనా?"

"వెళ్లవే. ఆ పిల్ల స్ఫటికాలు పాడైతే నన్ను తిట్టుకుంటుంది. మధ్యాహ్నం రా, చాలు. ఆ గొట్టం మాత్రం నా చేతికందేలా పెట్టు."

పెట్టి వచ్చింది.

పెట్టె మీది మీటరు ఉన్నట్టుండి కూసింది. లోపలికి గాలి వస్తోంది! ఆమె ఎడమ తొడుగు వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. ఉంగరపు వేలి దగ్గర ఆగిపోయింది. సూదిమొనంత చిల్లు.

రోజూ చేతులు దూర్చేముందు ఉంగరం తీసి ల్యాబు బీరువాలో పెడుతుంది. అది ఆమెకి ఊపిరంత అలవాటు. ఇవాళ మర్చిపోయింది. పెళ్లినాటి ఉంగరం, అంచు అరిగి కత్తిలా ఉంది.

"నా ఉంగరమేనమ్మా. నేనే చేశా," అంది.

అమ్మాయి మొహం పాలిపోయింది. ఆ సీసాలో ఉన్నవి ఆరు నెలల కష్టం. "నువ్వెళ్లు అత్తా, నేను చూసుకుంటాలే." అంటూనే స్ఫటికాలు పోసి మూయడానికి ఖాళీ గొట్టం అందుకోబోయింది. అది వేళ్లలోంచి జారి బల్ల మీద దొర్లింది.

ఆమె గోడ గడియారం వంక చూసింది. అమ్మాయి చేతుల వంక చూసింది. ఉంగరం లాగేసి జేబులో పడేసుకుంది.

"కాస్సేపేగా," అంది. ఎవరితో అందో.

చిల్లుకి టేపు వేసింది. నైట్రోజన్ ధార పెంచింది. స్ఫటికాల్ని గొట్టాల్లో పోసి, బిగించి, బయటికి తీసి, ఒక్కోదాని మెడా మంటలో కరిగించి మూసింది. గాజు ఎర్రగా సాగి తెగిన ప్రతిసారీ అమ్మాయి ఊపిరి వదిలింది. ఒక్కటి కూడా నీలం పట్టలేదు. తల తిప్పేసరికి కిటికీలో ఎండ ఏటవాలుగా వాలిపోయింది.

బీరువాలో ఉన్న ఫోన్ తీసి చూసింది. ఎవరూ చేయలేదు. అందుకు సంతోషించింది కూడా.

ఇంటి తలుపు చేరవేసి ఉంది. మెషిన్ చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకుని లోపలికి అడుగుపెట్టింది. పక్కింటి వదిన మంచం దగ్గర స్టూలు మీంచి లేచి నిలబడింది.

"ఇందాకే, వదినా."

ఆమె మంచం దగ్గరికి వెళ్లింది.

"ఫోన్ చేస్తానంటే అన్నయ్య ఒద్దన్నాడు. దాని చేతులు పెట్టెలో ఉంటాయి, మధ్యలో తియ్యకూడదు అన్నాడు. తర్వాత ఆ గొట్టం తీసుకుని తనే పుటుక్కున విరిచాడు. అదొచ్చేస్తుంది, ఈలోగా మొదలెడదాం అని నవ్వాడు. దాన్నే చూస్తూ..." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె వంగి మెషిన్ ఆపింది. గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. తొడుగుల్లో నాని ముడతలు పడ్డ తన చేతిని ఆయన చేతి మీద వేసింది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

కిటికీ గట్టు మీద, వెలుగు పడేచోట, విరిగిన మూతి గది వైపు తిరిగి గొట్టం ఉంది. మూతి దగ్గర స్ఫటికాలు బీటలు వారి నీలమైపోయాయి. ఆ నీలం లోపలికి పాకుతోంది. అడుగున మాత్రం, గాలి ఇంకా చేరని చోట, చిటికెడు తెలుపు మిగిలే ఉంది.