దున్నకు కాపలా

మా మరిది చేతులు రెండూ వెనక్కి విరిచి కట్టి, చచ్చిన అడవిదున్న చుట్టూ తిప్పారు. "కళ్లారా చూసుకోరా నువ్వు చంపిన మృగాన్ని," అంటూ ఫారెస్టు గార్డు చుట్టు చుట్టుకీ వీపు మీద లాఠీతో కొట్టాడు. మొక్కజొన్న చేను గట్టు మీద నిలబడి నేను చూశాను. మా ఊరంతా చూసింది. ఒక్క గొంతు లేవలేదు.

దున్న మా చేలోనే ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. దాని కింద నలిగిన కంకులు ఇంకా పాలు కారుతున్నాయి. అది తన కాళ్లతో నడిచొచ్చి పడింది కాదు. వెనక మట్టిలో వెడల్పుగా ఈడ్చిన జాడ ఉంది. ఆ జాడ పక్కనే ట్రాక్టరు చక్రాల అచ్చులు ఎస్టేటు కంచె దాకా పోయాయి. దున్న మూతి మీద నల్లగా కాలిన గీత. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మాడిన వెంట్రుకల వాసన.

"అయ్యా, ఆ మూతి చూడండి. ఆ జాడ చూడండి," అన్నాను రేంజరుతో.

"మీ చేలో దొరికింది. కాపలా ఉన్నది నీ మరిది. ఇంకేం చూడాలమ్మా?"

"కరెంటు తీగ మా చేలో ఎక్కడుందయ్యా? మాకు దీపానికే దిక్కు లేదు!"

అతను నా వైపు చూడలేదు. ఎస్టేటు వైపు చూశాడు. "సాయంత్రం డీజిలు తెచ్చి కాల్చేస్తాం. ఈలోపు ఎవరూ ముట్టుకోవద్దు," అని జీపెక్కాడు.

"వదినా, చేను జాగ్రత్త," అన్నాడు మరిది జీపులోంచి. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా వాడి ధ్యాస చేను మీదే ఉంది. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ చేనుకు వాడే కావలి, నాకు వాడే కొడుకు.

జంతువులు మా మీద పడడం ఎప్పట్నుంచో ఉన్నది కాదు. సర్కారు అడవిలోంచి దున్నల మందలు ఎస్టేటు బీడు మీదుగా ఏటికి పోయేవి, నీళ్లు తాగి అదే దారిన వెనక్కి వచ్చేవి. ఎస్టేటు దొర ఆ బీడులో విహారానికొచ్చే వాళ్ల కోసం కాటేజీలు కట్టాడు. చుట్టూ తీగ కంచె వేశాడు. గేటు మీద పెద్ద బోర్డు పెట్టాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను: ప్రైవేటు వన్యప్రాణి సంరక్షణ క్షేత్రం. లోపల నాలుగు జింకలున్నాయి. దాహంతో ఉన్న మందలన్నీ మా చేలల్లోకి మళ్లాయి.

మా కాపలా పద్ధతి మమ్మల్ని ఇంకా చెడగొట్టింది. ఎవరి మంచె మీద వాళ్లు కూర్చుని, డబ్బాలు మోగించి, కేకలేసి మందను పక్క చేలోకి తోలేవాళ్లం. పక్కవాడు ఆ పక్కకు తోలేవాడు. తెల్లారితే గట్ల మీద బూతులు, కొట్లాటలు. మందను మళ్లించిందెవరో అడగడం మరిచి, మాలో మేమే జుట్లు పట్టుకున్నాం.

అప్పుడే రేంజరు బడిలో మీటింగు పెట్టాడు. "ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. మీ చేలు జంతువుల దారిలో ఉన్నాయి. అడవి అంచున ఉన్నవన్నీ ఖాళీ చేయాలి."

"అసలు దారి ఎస్టేటులో ఉంది కదయ్యా. కంచె తీయించండి."

"అది ప్రైవేటు భూమి. అక్కడ సంరక్షణ ఆయన చూసుకుంటాడు."

"మరి మాది ప్రైవేటు కాదా?"

"మీది పొలం," అన్నాడు రేంజరు. మాకేదో అర్థమైందనుకుని తల కూడా ఊపాడు.

ఇప్పుడు దున్న చచ్చింది. మరిది మీద కేసు నిలిస్తే మాది వేటగాళ్ల ఊరవుతుంది. ఆపైన ఖాళీ చేయించడం వాళ్లకెంత సేపు?

జీపు దుమ్ము అణగకముందే అందరం కళ్లంలో చేరాం. మా ఆడబిడ్డ కూతురు పట్నంలో చదువుతోంది. అది లేచి చెప్పింది. "అత్తా, పశువుల డాక్టరు కోసి చూడకుండా కాల్చకూడదు. అది వాళ్ల రూలే. నేను పట్నం పోయి డాక్టరమ్మను పట్టుకొస్తా. పొద్దుటికి వస్తాం. అందాకా దున్నను కాల్చనివ్వకండి. బూడిదయ్యాక మామయ్యను ఎవరూ విడిపించలేరు."

"అంటే చచ్చినదానికి కాపలానా?" అన్నాడు పక్క చేను పెద్దాయన. "బతికున్నవాటితోనే చస్తున్నాం."

"చచ్చింది కాబట్టే తేలిక పెద్దాయనా, ఇది కంకులు తినదు," అంది డబ్బా అక్క. కాపలాలో ఆమె మోగించే నూనె డబ్బా వల్ల వచ్చిన పేరది.

"నీ డబ్బా మోతకు దున్నలు బెదరవు గానీ నీ మొగుడు మాత్రం ఊరొదిలి పోయాడు!"

"పోతే పోయాడు. నువ్వు మాత్రం ఉన్నచోటే ఉండు, కదిలావంటే కాళ్లు విరగ్గొడతా."

నవ్వులు లేచి వెంటనే ఆగిపోయాయి. మూలన కూర్చున్న లైన్‌మన్ నోరు తెరిచాడు. అతనిదీ మా ఊరే.

"కంచెకు కరెంటును అదుపు చేసే మిషను పెట్టాలి. అప్పుడు తగిలినా ఊరికే జిల్లుమని వదిలేస్తుంది. దొర మిషను తీయించేసి నేరుగా లైను తగిలించమన్నాడు." తల దించుకున్నాడు. "తగిలించింది నేనే. ఉద్యోగం పీకిస్తానన్నాడు. పిల్లలున్నారు."

"మా ఇళ్లలో ఉన్నవాళ్లు పిల్లలు కారా?" అంది డబ్బా అక్క. "రేపు ఆ తీగకు మనిషి తగిలితే?"

అతను లేచి, సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. "దొరకు చెప్పడానికే," అన్నారెవరో. కళ్లమంతా గుసగుసలైంది. ఒకరిద్దరు మెల్లగా లేవబోయారు.

"ఇన్నాళ్లూ మందను పక్కవాడి మీదికి తోలాం," అన్నాను. "ఈ కేసును కూడా మా ఇంటి మీదికి తోలేసి ఊరుకుందామా? ఇవాళ నా చేలో పడేశారు. రేపు ఎవరి చేలో పడేస్తారో?"

పెద్దాయన లేచి తన చేలోకి నడిచి, మంచె గుంజలు పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా? నీ చేను?"

"ఈ పూటకు పోతే పోనీ. వచ్చి పట్టండి!"

పొద్దు వాలేసరికి ఊళ్లో మంచెలన్నీ మా చేలోకొచ్చాయి. చేలన్నీ కావలి లేకుండా వదిలేసి, దున్న చుట్టూ మంచెలు నిలబెట్టి ఎక్కి కూర్చున్నాం. ఈగలు ముసిరాయి. గద్దలు దిగి, మమ్మల్ని చూసి లేచిపోయాయి. అడవి అంచున కొమ్మలు విరుగుతున్నాయి. దాహంతో మంద దగ్గరికొస్తోంది. అటు మంద, ఇటు జీపు. ఏది ముందొస్తుందో తెలియదు.

జీపే ముందొచ్చింది. వెనక పోలీసు వ్యాను కూడా.

"దిగండి! ఇది ప్రభుత్వ ఆస్తి!" అని అరిచాడు రేంజరు.

"బతికున్నప్పుడు ఎవరి ఆస్తయ్యా?" అంది డబ్బా అక్క పైనుంచి.

గార్డులు డీజిలు డబ్బాలు దించారు. నేను మంచె దిగి దున్న మెడకు ఆనుకుని కూర్చున్నాను. "పోయండి. ముందు నా మీద పోయండి." నా పక్కన పెద్దాయన కూర్చున్నాడు. ఆ పక్కన ఇంకొకరు. డబ్బా మూత తీసిన గార్డు దాన్ని కింద పెట్టేశాడు. వాడి అమ్మది నా వయసే ఉంటుంది.

లాఠీలు లేచాయి. పెద్దాయన తల పగిలింది. ఒకరిని లాగితే ఆ చోట్లో ఇంకొకరు కూర్చున్నారు. చివరికి, "ఆ విధవను ఎక్కించండి, మిగతావాళ్లు వాళ్లే లేస్తారు," అన్నాడు రేంజరు. నన్ను జీపులోకి విసిరి తనూ ఎక్కాడు.

ఎవరూ లేవలేదు.

జీపు ఎస్టేటు కంచె పక్కనున్న రోడ్డెక్కింది. చీకటి పడుతోంది. కాటేజీల దీపాలు వరసగా వెలుగుతున్నాయి. వెనక మా వాళ్లు కాపలా కేక అందుకున్నారు. ఎప్పుడూ ఆ కేక చేను నుంచి చేనుకు జరుగుతూ దూరమయ్యేది. ఇప్పుడది ఒక్క చోటి నుంచే, అన్ని గొంతులతో వస్తోంది.

ఉన్నట్టుండి కాటేజీల దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు రేంజరు. కంచె వెంబడి మసక చీకట్లో ఒక సైకిలు దూరంగా పోతోంది. అది ఎవరి సైకిలో నేను పోల్చుకున్నాను.

కాసేపటికి కంచె తీగలు తెగిన మోత వచ్చింది. కంచె స్తంభం ఒకటి ఒరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. డ్రైవరు బ్రేకు వేశాడు. జీపు దీపాల వెలుగులో ఒక పెద్ద దున్న వచ్చి నిలబడి మా వైపు చూసింది. తర్వాత తల తిప్పుకుని, పడిపోయిన కంచె దాటి ఏటి వైపు నడిచింది. దాని వెనక మందంతా కదిలింది. కంచెతో పాటు పడిన గేటు బోర్డు గిట్టల కింద ఫెళ్లుమంది.

మా మరిది ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాడు. డాక్టరమ్మ పొద్దుటికి గానీ రాదు. అందాకా దున్నను కాయాలి.

నేను జీపులో లేచి నిలబడి, గొంతు చించుకుని కాపలా కేక వేశాను.

చేలోంచి ఊరంతా పలికింది.