ఇంగ్లీషు పుస్తకానికి రెండో పక్క

కోసిగి చుట్టుపక్కల డెబ్భై ఏళ్ల వయసులో పదో తరగతి ఇంగ్లీషు చదివినవాడు ఎవడైనా ఉంటే ముందుకు రమ్మనండి. రాడు. వాడిని నేనే కాబట్టి. చదవడంతో ఆగలేదు, చదివింది చదివినట్టు నా మనవరాలికి నేర్పి పాసు చేయించాను. నా చదువు మా ఊరి బడిలో ఐదో తరగతి. మా అయ్యవారికి ఇంగ్లీషులో వచ్చింది ఆయన సంతకం ఒక్కటే, అది కూడా రోజుకో రకంగా ఉండేది. అట్లాంటి బడిలో చదివిన ఈ కంబన్న, రాష్ట్రానికి అవతలి కొసన మిరప చేలో ఉన్న పిల్లకు ఇంగ్లీషు వ్యాకరణం, కథలు, పద్యాలు అన్నీ ఫోన్లో నేర్పాడు. నమ్మితే కూర్చోండి, నమ్మకపోయినా కూర్చోండి.

మా పక్క ఊళ్లు ఏటా సుగ్గికి పోతాయి. అంటే ఇళ్లకు తాళాలు వేసి, బియ్యం మూటలు, చాపలు, వంట గిన్నెలు లారీకెక్కించి గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోవడం. ఉగాదికి గానీ తిరిగి రారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లం, మేకలు, కుక్కలు. నా కొడుకు సుంకన్న, కోడలు శశికళ కూడా పోతారు. రెండేళ్ల కింద డిసెంబరులో కోడలి ఒళ్లో ఐదు నెలల పసిబిడ్డ ఉంది. మొగుడూ పెళ్లామూ కాయ కోస్తే బిడ్డను ఎత్తుకునేదెవరు, వంట చేసేదెవరు? అందుకని పదో తరగతి చదువుతున్న నా మనవరాలు శివలీలను కూడా లారీ ఎక్కమన్నారు.

పిల్ల ఏడవలేదు. పుస్తకాల సంచి మాత్రం ఒళ్లో పెట్టుకుంది. అర్ధసంవత్సర పరీక్షలో దానికి అన్నిటిలో మంచి మార్కులే, ఇంగ్లీషులో మాత్రం వందకు ఇరవై ఒకటి. దాని ఇంగ్లీషు టీచరు ప్రేమజ్యోతి మేడం సుంకన్నకు ఫోన్ చేసి, ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్షకైనా పిల్లను పంపమని గట్టిగా చెప్పింది. సుంకన్న ఒప్పుకుని, ఒక మెలిక పెట్టాడు. ఆ పరీక్షలో ఇంగ్లీషు పాసైతే శివలీల ఊళ్లోనే ఉండి పబ్లిక్ పరీక్ష రాస్తుంది. తప్పితే మళ్లీ మిరప చేనుకే, ఉగాది దాకా. అప్పటికి పబ్లిక్ పరీక్షలు అయిపోతాయి. ఆ తర్వాత చదువు సంగతి ఎవరూ ఎత్తరు. మా ఊళ్లో ఎంతమంది ఆడపిల్లల చదువు అట్లా లారీ మీద పోయిందో నాకు తెలుసు.

లారీ కదిలేముందు శివలీల నాకొక సంగతి చెప్పింది. ఇప్పటి పుస్తకాల్లో ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు ఉంటుందట. లెక్కలైనా, సైన్సయినా ఒక పక్క అర్థం కాకపోతే రెండో పక్క చూసుకోవచ్చు.

"ఇంగ్లీషు పుస్తకానికి మాత్రం రెండో పక్క లేదు తాతా" అంది.

"నేనుండా గదా, దానికి రెండో పక్క నేనే. నువ్వు పోయిరాపో" అన్నాను.

అన్నాక వెనక్కి పోవడానికి లేదు. మర్నాడే బడికి పోయాను. నేరుగా లోపలికి నడిచి, మేడంకు సంగతి చెప్పి, చివరి బెంచీలో కూర్చున్నాను. రిజిస్టరులో నలభై రెండు పేర్లున్నాయి. కూర్చున్నవాళ్లు పంతొమ్మిది మంది. మిగతావాళ్లంతా సుగ్గిలో ఉన్నారు. ఖాళీ బెంచీలకు కొదవ లేదు.

నా వెనకే మా మేక వచ్చింది. నొసట తెల్ల మచ్చ ఉంటుంది కాబట్టి దాని పేరు చుక్క. శివలీల పాలు పట్టి పెంచిన మేక. అది సిగ్గు గల జీవం, లోపలికి రాలేదు. కిటికీ బయట ఎండలో నిలబడి, మెడ చాపి, వారం రోజులు పాఠం వింది. వారం చివర మేడం బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగి, కిటికీ వైపు చూసి, ఎండలో ఎందుకు నిలబడతారు, లోపలికి రాండి, అంది. మేకను కూడా రాండి అని పిలిచేంత మర్యాద గల మనిషి ఆమె. కోయిలకుంట్ల ఆమెది. వాళ్ల నాయన చర్చిలో పాటలు నేర్పేవాడట. ఆ గొంతు వచ్చింది ఆమెకు. ఇంగ్లీషు పద్యం చదివితే అర్థం కాకపోయినా ఒళ్లు జలదరించేది.

నాకు మేడం రెండు షరతులు పెట్టింది. తరగతిలో బీడీ వాసన రాకూడదు, తరగతిలో కథలు చెప్పకూడదు. మొదటిది సులభంగానే పాటించాను.

ఇక నా పని. పొద్దున పాఠం విని, వినబడింది తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. సాయంత్రం చేలోంచి అందరూ గుడిసెలకు వచ్చాక శివలీల ఫోన్ చేసేది. ఒళ్లో బిడ్డ, ముందర పుస్తకం, చెవికి వాళ్లమ్మ ఫోను. ఈ పక్క నేను, నా నోటుబుక్కు, పక్కన చుక్క.

ఒకరోజు మేడం బోర్డు మీద ఒక వాక్యం రాసి, దానికి తెలుగు చెప్పింది. గేటు విరగ్గొట్టబడింది. ఎవరు విరగ్గొట్టారని నేను లేచి అడిగాను. పిల్లలు నవ్వారు. ఎవరో తెలియకపోతే ఇట్లా రాస్తాం, తెలిసినా చెప్పడం ఇష్టం లేకపోతే కూడా ఇట్లాగే రాస్తాం, అంది మేడం. ఆ సాయంత్రం శివలీలకు విడమరిచి చెప్పాను. పోయిన ఏడు మన గడ్డివాము కాలినప్పుడు పంచాయతీలో పెద్దమనుషులంతా ఏమన్నారు? వాము కాల్చబడింది అన్నారు. ఎవడు కాల్చాడో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు, ఒక్కడూ పేరెత్తలేదు. ఇంగ్లీషువాళ్లు కూడా మన ఊరివాళ్ల లాంటివాళ్లే, అన్నాను. పిల్ల నవ్వింది. ఆ తర్వాత ఆ పాఠంలో ఒక్క తప్పు రాయలేదు.

ఆ నవ్వు విన్నాక నాకు ఆశ పుట్టింది. రోజూ నవ్వించాలి. పద్యంలో పిట్ట గింజలు తినిందని ఉంటే, ఏడు శేర్లు తినిందని చెప్పాను. వ్యాసంలో రైలు గంట ఆలస్యమైతే, డ్రైవరు దిగి పెళ్లిభోజనం చేసి వచ్చాడన్నాను. మర్నాడు అది అడిగేది.

"తాతా, ఆ డ్రైవరు నిజంగా పెళ్లికి పోయినాడా?"

"పోయినాడు. పాయసం రెండుసార్లు వడ్డించుకున్నాడు."

"సరేలే" అనేది, అంతే. నా చెప్పడం అంత బాగుందనుకున్నాను.

ఫిబ్రవరి మొదట్లో పడవవాడి పాఠం వచ్చింది. ఏటికి వరద వస్తుంది. పడవవాడు ఊరి జనాన్నంతా ఒడ్డుకు చేరుస్తాడు. చివరి విడతలో పడవలో ఒక్కరికే చోటుంటుంది. అవతల ఒడ్డున ఎవరో తెలియని ముసలమ్మ, అతని సొంత మేక ఉంటాయి. అతను ముసలమ్మను ఎక్కించుకుంటాడు. తెల్లవారాక చేతిలో ఖాళీ పలుపు పట్టుకుని అవతలి ఒడ్డును చూస్తూ నిలబడతాడు. పాఠం అక్కడే అయిపోతుంది.

ఆ సాయంత్రం శివలీల ఫోన్ చేసి, పాఠం సంగతి అడగకుండా, చుక్క ఎట్లా ఉందని అడిగింది. గొంతు బాగాలేదు. బిడ్డకు జ్వరమట. మిరప ఘాటుకు చేతులు భగభగ మండుతున్నాయట, ఆ చేతులతోనే పొరపాటున కళ్లు తుడుచుకుందట. ఏడుపు మిరపకాయదే, తనది కాదు, అంది.

అట్లాంటి పిల్లకు మేక అవతలే మిగిలిపోయిందని ఏ నోటితో చెప్పేది? మేక ఈదుకుంటూ వచ్చిందని చెప్పాను. పలుపు పళ్లతో పట్టుకుని వచ్చింది. ఉత్తగా రాలేదు, వరదలో కొట్టుకుపోతున్న మూడు కోడిపెట్టలను వీపు మీద ఎక్కించుకుని వచ్చింది. ఒక పెట్ట దారిలో గుడ్డు కూడా పెట్టింది. శివలీల ముక్కు ఎగబీల్చి నవ్వింది. ఆ నవ్వుతో నేను హాయిగా ఉన్నాను, రెండు వారాలు.

ప్రీఫైనల్‌కు ముందురోజు మేడం అన్ని పాఠాలూ తిరగేస్తూ, పడవవాడి కథ ముగింపు బాగా చదువుకోండి, ఎనిమిది మార్కుల ప్రశ్న వస్తే అక్కడినుంచే వస్తుంది, అంది. బయటికొచ్చి ఫోన్ చేశాను. కలవలేదు. అప్పటికే శివలీల పొరుగింటి మహాదేవమ్మ వెంట గుంటూరులో రైలెక్కింది.

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడ్డాను. రైలు ఆలస్యం. గంట కొట్టారు. పిల్లలు లోపలికి పోయారు. అప్పుడు ఆటో దిగి పరిగెత్తుతూ వచ్చింది శివలీల. ఎండకు నల్లబడింది, చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. నన్ను చూసి చెయ్యెత్తి, ఆగకుండా లోపలికి పోయింది. నేను ప్రహరీ గోడ వెంబడి పరిగెత్తి, అది వరండా ఎక్కుతుండగా గోడ మీదుగా కేకేశాను.

"మేక ఈదలేదమ్మా. మేక ఆడనే ఉండిపోయె."

అది తిరిగి చూసి గదిలోకి పోయింది. వినిందో లేదో తెలియలేదు. ఈలోపల కాపలా సారు వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, గోడ మీంచి జవాబులు అందిస్తాండావా?"

"జవాబు కాదు సార్. నేను చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకుంటాండా."

నన్ను రోడ్డు అవతలి టీ అంగడి దాకా నడిపించి, పరీక్ష అయ్యేదాకా ఇవతలికి రావద్దన్నాడు. అక్కడ కూర్చుని మూడు టీలు తాగాను. ఒక పిల్ల చదువును మూడు కోడిపెట్టలకు అమ్ముకున్నవాణ్ణి, నాకు టీ రుచి ఏం తెలుస్తుంది? పరీక్ష అయ్యాక శివలీల బయటికొచ్చింది. చుక్క దగ్గరికి పోదాం పా, అంది.

వారం తర్వాత మేడం నన్ను పిలిపించింది. దిద్దిన కాగితాలు ముందర పెట్టుకుని ఉంది. శివలీలను పక్కన నిలబెట్టి, పడవవాడి ప్రశ్నకు అది ఇంగ్లీషులో రాసిన జవాబును నాకు తెలుగులో చదివి వినిపించింది.

"మేక రాలేదు. పడవవాడి చేతిలో పలుపు మిగిలింది. మంచి పని చేసినా అతనికి బాధ పోలేదు. మేక మూడు కోళ్లతో ఈదుకుంటూ వచ్చిందని మా తాత చెప్పాడు. ఆ రోజు నేను ఏడుస్తున్నాను, అందుకని చెప్పాడు. ఆ కోళ్ల కోసం నేను పాఠం నాలుగుసార్లు చదివాను. కోళ్లు లేవు."

మేడం కాగితం దించి, ఎనిమిదికి ఏడు వేశానంది. ఒక మార్కు కోళ్లకు పోయిందట. మొత్తం మీద నలభై ఏడు. పాసు మార్కు ముప్పై అయిదు.

నేను శివలీల వైపు చూశాను.

"నీకు ముందే తెలుసునా?"

"మొదటినుంచీ తెలుసు. నువ్వు చెప్పిన దాంట్లో అబద్ధం యాడుందో పట్టుకుందామని రోజూ పుస్తకం తీస్తాంటి తాతా. మొదట్లో ఒక పేజీకి శానాసేపు పట్టేది. పోనుపోను సులువాయె."

అంటే ఈ కథ మొదలుపెట్టినప్పుడు నేను కొట్టిన గొప్పంతా ఇక్కడితో సరి. నేను ఇంగ్లీషు నేర్పలేదు. దొంగను పట్టుకునే పోలీసులాగా అది నా వెంటపడి, అదే నేర్చుకుంది. నాకు ఈరోజుకీ ఆ పుస్తకంలో ఒక్క వాక్యం సొంతంగా చదవడం రాదు. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

ఆ గదిలోంచే సుంకన్నకు ఫోన్ చేసి, పిల్ల పాసైందని చెప్పాను. వాడు నమ్మలేదు. నీ మాట కాదు, మేడంతో చెప్పించు, అన్నాడు. డెబ్భై ఏళ్లలో నేను చెప్పిన పెద్ద నిజం అది, దానికి గతి అట్లా పట్టింది. మేడం ఫోన్ తీసుకుని మార్కులు చెప్పి, జవాబు మొత్తం చదివి వినిపించింది. తర్వాత సుంకన్న గొంతు వినబడింది.

"ఆడనే ఉండనీ మేడం. బిడ్డను మేమెట్లో చూసుకుంటాం. పరీక్ష రాయనీ."

శివలీల పబ్లిక్ పరీక్ష రాసింది, పాసైంది, ఇప్పుడు ఆదోనిలో ఇంటర్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఇంగ్లీషు పుస్తకం తీసి నాకు కథ చదివి, తెలుగు చెబుతుంది. నడుమ నడుమ అబద్ధాలు కలుపుతుంది. పట్టుకోవడం నాకు చేతకాదు.

ప్రేమజ్యోతి మేడంకు పోయినేడు వేరే ఊరికి బదిలీ అయింది. పోయేరోజు నేను రెండు చేతులూ జోడించాను, నోట మాట రాలేదు. నోట మాట రాకపోవడం నాకు అదే మొదలు. అందుకే ఇదంతా రాశాను. ఎక్కడో ఒకచోట ఆమె చదువుతుంది.

ఆమె చదివితే ఒకచోట నవ్వుకుంటుంది, అది నేనే చెప్పేస్తాను. ఇందులో కోళ్లు కాకుండా నేను కల్పించింది ఒకటుంది. చుక్క ఏ రోజూ బడికి రాలేదు. మొదటి రోజు నేను నేరుగా లోపలికి పోయి కూర్చోలేదు. ఐదో తరగతి వాణ్ణి, ఆ గడప దాటడానికి సిగ్గేసింది. వారం రోజులు కిటికీ బయట ఎండలో మెడ చాపుకుని నిలబడింది నేను. మేకను ఎవరూ రాండి అనరు. ఆ మాట నన్ను అంది.