సాన బండి

ఆయనకు ఇద్దరు కూతుళ్లని వీధిలో అందరూ వేళాకోళం ఆడేవారు. ఒకతి ఇంజనీరింగు చదివింది, రెండోది స్టాండు మీద నిలబడుతుంది.

కత్తులకు, కత్తెరలకు సాన పట్టడం ఆయన పని. ముప్ఫై ఏళ్లుగా ఆ సైకిలే బండి, అదే దుకాణం. వీధి మొగలో స్టాండు వేసి, సీటు మీద కూర్చుని తొక్కితే, వెనక చక్రానికి తగిలించిన బెల్టు ముందున్న సానరాయిని తిప్పుతుంది. కత్తి రెండు చేతుల్లో, వేగం కాళ్లలో. ఇప్పుడా కాళ్లలో కుడి మోకాలు మొరాయించింది. తొక్కడం మానకపోతే నడక కూడా మానాల్సి వస్తుందని డాక్టరు తేల్చేశాడు. పక్క వీధి అపార్ట్‌మెంటు మేనేజరు వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు. సోమవారానికి ఏదో ఒక మాట చెప్పాలి.

"కుర్చీలో ఊరికే కూర్చుంటే చాలట," అన్నాడాయన, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

"సోమవారం దాకా సైకిలు నాకిచ్చెయ్ నాన్నా," అంది కూతురు.

ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. ఆఫీసు నుంచి రాగానే సైకిలు ముందు కూర్చునేది. వెనక చక్రం తీసేసి, మధ్యలో మోటారున్న పాత చక్రం ఒకటి, దానికో బ్యాటరీ తెచ్చి బిగించింది. ఇరుసు పట్టకపోతే ఆకురాయి అందుకుంది. తండ్రి చూసి చూసి, "అలా గోకితే ఇనుము నవ్వుతుంది తల్లీ, ముందుకు తోస్తేనే కోస్తుంది," అని చెయ్యి పట్టి చూపించాడు.

"మిక్సీ బాగుచెయ్యమంటే ఆర్నెల్లు తిప్పించారు తండ్రీకూతుళ్లు. దీని ముందు కూర్చుంటే ఆకలి కూడా వెయ్యదు," అని తల్లి వంటింట్లోంచే చురక వడ్డించేది.

శనివారం బండి రోడ్డెక్కింది. ఎత్తు మీదకి దానంతటదే ఎక్కుతుంటే, "ఎవరో వెనకనుంచి తోస్తున్నారే!" అని ఆయన మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున తొలి పని టైలరమ్మ కత్తెర. స్టాండు వేశారు. ఆయన రెండు చేతులూ కత్తెర మీద ఉన్నాయి కాబట్టి, హ్యాండిలు మీది పిడి తిప్పడానికి కూతురు నిలబడింది. రోడ్డు మీద తిప్పినంతే తిప్పింది. గాల్లో ఉన్న చక్రం ఒక్కసారిగా రివ్వుమంది. రాయి నిప్పులు కక్కింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేలోపే కత్తెర మొన నీలం రంగుకు తిరిగింది.

కాలిన ఉక్కుకు పదును నిలవదు. వారమంతా బరువు లాగే లెక్కలు వేసిన పిల్ల, బరువే లేకపోతే ఏమవుతుందో వెయ్యనేలేదు.

ఆయన కత్తెరను తుడిచి చేతిలోకి తీసుకున్నాడు. "ముందు ఆవిడకి చెప్పాలి," అని కుంటుకుంటూ బయలుదేరాడు. కూతురు వెంట నడిచింది.

టైలరమ్మ కుట్టు ఆపి చూసింది. "ఏమిటన్నా, నా కత్తెరకి కాటుక పెట్టావు?"

"కాల్చేశాను చెల్లెమ్మా. నీలం పోయేదాకా అరగదీస్తే వేలి వెడల్పంత పొట్టిదవుతుంది."

"కాల్చింది నేనండీ," అంది కూతురు.

"ఎవరి చెయ్యైతేనేం, రాయి నాది. రేపటినుంచి కుర్చీయేలే."

టైలరమ్మ కూతురి వైపు తిరిగింది. "అంత జోరుగా ఎందుకు తిప్పావమ్మా?"

"ఎంత జోరు కావాలో నాన్నకే తెలుసు. నాన్న చేతులు ఖాళీగా ఉండవు."

"నా చేతులు మాత్రం ఖాళీగా ఏడుస్తున్నాయా?" అంటూ టైలరమ్మ కరెంటు మిషను కింది పెడలు మీద పాదం ఆనించింది. సూది ఒక్కో కుట్టే వేసింది. గట్టిగా నొక్కితే పరుగెత్తింది. పాదం ఎత్తితే ఆగింది.

కూతురు నేల మీద చతికిలబడి ఆ పాదాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పాత పెడలొకటి మూల పడుంది, పట్టుకుపో. పొట్టిదైనా సరే, నా కత్తెర సాయంత్రానికి కొయ్యాలి."

ఇంటికొచ్చి ఆ పెడలు లోపలి సరంజామా పీకేసి, హ్యాండిలు పిడిలోని వేగం మీటను, రోడ్డెక్కేటప్పుడు మళ్లీ పిడికి మార్చుకునేలా, అందులో అమర్చింది. స్ప్రింగు మూడుసార్లు ఎగిరిపోయింది. మూడోసారి తల్లే మంచం కింద వెతికి తెచ్చింది.

ఆయన కూర్చుని మడమ కింద పెట్టి పాదం ఆనించాడు. రాయి కదిలింది. కళ్లు మూసుకుని తల పక్కకు వాల్చాడు. "ఊఁ... తగ్గు, తగ్గు," అని తన పాదానికే చెప్పుకున్నాడు. రాయి చప్పుడు సన్నగా, ఒక్క తీరున నిలిచింది. అప్పుడు మొన ఆనించి, నీళ్లలో ముంచి, మళ్లీ ఆనించాడు. నీలం మెల్లగా కరిగింది. కూతురు కత్తెర వైపు చూడనేలేదు. ఆయన మోకాలినే చూస్తోంది. అది కదల్లేదు.

టైలరమ్మ పల్చటి గుడ్డ మడిచి మొన దాకా కత్తిరించింది. "పొట్టిదైంది గానీ పొగరు తగ్గలేదన్నా," అంది.

సోమవారం పొద్దున ఆయన మేనేజరుకి ఫోను చేశాడు. "నమస్కారమండీ, ఆ కుర్చీ సంగతి..." అంటుండగానే మేడ మీదినుంచి ఎవరో, "సానబండీ! రెండు కత్తిపీటలున్నాయి, ఉంటావా?" అని కేకేశారు.

"ఉంటానమ్మా, తీసుకురా!" అని అరిచి, ఫోను కూతురి చేతిలో పెట్టాడు. "ఆయనకి నువ్వు చెప్పెయ్ తల్లీ, నాకు గిరాకీ వచ్చింది."