అంచు మీద కొబ్బరినూనె

కొరాపుట్ చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోయింది. ఏసమ్మ ఆ సీసాని వేణ్నీళ్ళ గిన్నెలో పెట్టి, కోడలు ఫేబ తల దువ్వుతూ కూర్చుంది. ఆఫీసుకి బయల్దేరిన కొడుకు సాంసన్ గుమ్మంలోంచి ఒక మాట విసిరాడు.

"రేపు గృహ ప్రార్థన మనింట్లో పెట్టమన్నానమ్మా. ముప్ఫై మంది భోజనానికి ఉంటారు. ఫేబని ఆ ఆస్పత్రి పని ఇంకో రోజు ఎట్టుకోమను."

ఫేబ తలెత్తలేదు. ఆ పని ఇంకో రోజుకి పోయేది కాదు. కాలేజీ ల్యాబులో ఏళ్ళ తరబడి ఆమె తయారుచేసిన పరికరాన్ని రేపు డాక్టర్లు చూస్తారు. నచ్చితే పసిపిల్లల వార్డులో వాడి చూస్తారు. ఆమె రాకపోతే తానే చూపిస్తానని డిపార్ట్‌మెంటు హెడ్డు మన్మథరావు నిన్ననే తీయగా చెప్పాడు. చూపించినవాడి పేరే నిలుస్తుందని ఏసమ్మకి తెలియనిదా?

ఏసమ్మ రిటైరైన నర్సు. పసిబిడ్డకి సెలైన్ ఎంత మెల్లగా ఎక్కాలో, చుక్కకీ చుక్కకీ మధ్య ఊపిరి బిగబట్టి గడియారం చూడడం ఎంత నరకమో ఆమెకే తెలుసు. పోయిన మొగుడు ఐజాక్ మాత్రం నవ్వేవాడు. "నీళ్ళ సుక్కలు లెక్కెట్టడం కూడా ఒక ఉద్యోగమేటే? వొచ్చి అన్నం వార్చు." డ్యూటీ దిగి వచ్చి వార్చేది. వార్చి, ఆయనతోపాటు తనూ నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ పిల్ల ఆ చుక్కల్నే పట్టేసింది చూడండి! గోరంత పరికరం. గొట్టాన్ని రవ్వంత వేడి చేస్తుంది. లోపల నీరు కదిలితే ఆ వేడిని కొంచెం మోసుకుపోతుంది. ఆ కొంచెం ఎంతో కనిపెట్టడమే అసలు తంటా. అందుకే ఫేబ అందులో వేడికి గుణం మార్చుకునే పదార్థాన్ని పల్చటి పొరగా పూసింది. అత్తకి అర్థం కావాలని ఒకనాడు ఈ సీసానే చూపించింది.

"ఇది గడ్డకీ నూనెకీ మధ్య, సరిగ్గా అంచు మీద ఉందనుకోండి అత్తమ్మా. కాస్త వేడి తేడా వస్తే చాలు, మారిపోతాది. నా పొర కరగదు గానీ, దాంట్లో కరెంటు పారే తీరు అలాగే ఒక్కసారి మారిపోతాది. ఎంత సన్నటి ధారైనా దొరికిపోద్ది."

"మరి మొన్న తప్పెందుకు సూపించింది?"

"చల్లారుతున్నప్పుడు కొలిచేను. వేడెక్కేటప్పుడు మారిన చోటే మళ్ళీ వెనక్కి రాదది. ఇంకా బాగా చల్లబడాలి. ఇప్పుడు ప్రతిసారీ పూర్తిగా చల్లార్చి, తక్కువ వేడి నుంచే పెంచుకుంటూ అంచుకి తెస్తన్నాను."

ఆ తప్పు ఎక్కడుందో ఫేబ అంట్లు తోముతూ, కుక్కరు విజిళ్ళ మధ్యే ఆలోచించి పట్టుకుంది. ఎంత బుర్ర! కోడలంటే ఏసమ్మకి ముద్దు ఉంది, దానికన్నా ముందు గౌరవం ఉంది.

దువ్వుతున్న చెయ్యి ఆగింది.

"ఒరే నాన్నా, ప్రార్థనకి పిల్సిందెవరు?"

"నేనే."

"అయితే వంటా నువ్వే సెయ్యి. రేపు నేను ఫేబతో ఆస్పత్రికి ఎల్తన్నాను. ఆ వార్డులో అన్నేళ్ళు సుక్కలు సూసిందాన్ని. ఇది ఎందుకు కావాలో ఆ డాక్టర్లకి నేను సెప్తాను. ఎలా పనిచేస్తాదో ఈ అమ్మి సెప్తాది."

ఫేబ అప్పుడు తలెత్తి అత్త వైపు చూసింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

సాంసన్ చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. "నాన్న ఉన్నప్పుడు నువ్విలా మాట్లాడేదానివి కాదు." తర్వాత తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. "సర్లే, సాయంత్రానికి నీ కోపం సల్లారిపోద్ది."

గిన్నెలో నూనె కరిగింది. ఏసమ్మ అరచేతిలో పోసుకుని కోడలి మాడుకి అద్దింది.

"కోపం సల్లారతాది నాన్నా. నేను మాత్రం ఎనక్కి రాను. వొచ్చేటప్పుడు ఉల్లిపాయలు తెచ్చుకో."