దేహం నేర్చుకున్నది

సుభద్ర జర్మనీలోని ట్యూబింగెన్‌లో పాత చైనా గురువుల బోధల మీద పరిశోధన చేస్తోంది. వంగి నమస్కరించడం, పెద్దల ముందు చేతులు కట్టుకోవడం, పోయినవాళ్ళకు బతికున్నవాళ్ళకిచ్చే మర్యాదే ఇవ్వడం, ఇవన్నీ ముందు ఒంటికి అలవాటైతే, మంచితనం మెల్లగా మనసుకూ అబ్బుతుందని కన్ఫ్యూషియస్ శిష్యులు నమ్మారు. సుభద్ర కూడా నమ్మింది.

స్టుట్‌గార్ట్‌లో ఉండే అన్న చలపతి గుండెపోటుతో పోయాడని వదిన భానుమతి ఫోన్ చేసేనాటికి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఇస్సాకును పెళ్ళి చేసుకుందని చలపతి ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు.

"అత్తయ్యావాళ్ళకి వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. స్నానం చేయించడానికి ఆయన తరఫున నువ్వు తప్ప ఎవరూ లేరు సుభద్రా" అంది భానుమతి.

మనసు రాకపోయినా వెళ్ళింది. అంత్యక్రియల సంస్థవాళ్ళు చూపించిన గదిలో తడిగుడ్డ తీసుకుని అన్న భుజాన్ని గరగరా రుద్దింది.

"మెల్లగా. నీళ్ళు చల్లగా ఉన్నట్టున్నాయి, మార్చు" అంది భానుమతి.

సుభద్ర గోరువెచ్చని నీళ్ళు పట్టుకొచ్చింది. అన్న వేళ్ళు ఒక్కొక్కటే తుడుస్తుంటే తన చేతులు నెమ్మదించాయి. చదివింది నిజమేననిపించింది. అప్పుడే భానుమతి, తడవకుండా, స్వెటర్ చేతులు పైకి లాక్కుంది. మోచేతి దగ్గర వేళ్ళ అచ్చులు, కమిలి పచ్చబడుతున్నవి, కనిపించాయి.

"అన్నయ్యేనా?"

భానుమతి భర్త నుదురు తుడుస్తూనే ఉంది. "పాప చూస్తోంది. తండ్రిని ఎలా సాగనంపాలో దానికి తెలియాలి కదా."

ఏడేళ్ళ అక్షయ తలుపు దగ్గర చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడి ఉంది. ఎంత వినయమో అని అక్కడ పనిచేసే ఆవిడ మెచ్చుకుంది. తల్లి పిలిస్తే చప్పుడు కాకుండా వచ్చి, తండ్రి చెయ్యి అందనంత దూరంలో ఆగింది.

"నిజంగా చనిపోయాడా? మళ్ళీ లేవడు కదా?" జర్మన్‌లో అడిగింది.

"లేవడమ్మా" అంది సుభద్ర. చేతిలో గుడ్డ నీళ్ళలోకి జారిపోయింది. తాను పరిశోధనలో అన్నేసి పేజీలు రాసింది. భయాన్ని కూడా ఒంటికి ఇలాగే నేర్పుతారన్న మాట వాటిలో ఒక్కచోటా లేదు.

దహనం అయ్యాక తల్లీకూతుళ్ళను తన ఇంటికి తీసుకెళ్ళింది. ఇస్సాకు గదిలోకి వస్తే చాలు, అక్షయ గోడకు ఆనుకుని చేతులు కట్టుకునేది. అతను రోజూ దూరంగా నేల మీద కూర్చుని, తన తల పిల్ల తలకన్నా కిందికి వచ్చాకే మాట్లాడేవాడు.

"ఎన్నాళ్ళిలా?" అంది భానుమతి.

"పాపకి అలవాటయ్యేదాకా అక్కా" అన్నాడు ఇస్సాకు.

చలికాలం వచ్చేసింది. అక్షయ ఇంకా గోడ వదల్లేదు. పిల్ల అలా నిలబడినంతసేపూ భానుమతి కూడా, చలపతి ఉన్నప్పటిలాగే, వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడనివ్వదు.