గాలిపెట్టె మూగబోయిన రోజు

పొద్దుటి నుంచి అంతరిక్షంలో నౌక ఒరిగిపోయి ఉంది. సూర్యుడెక్కడున్నాడో చూసే కన్ను దానికి ఎప్పుడో పోయింది. ఇప్పుడు సౌరపలకలు ఎటు తిరిగాయో తెలియదు, బ్యాటరీ మాత్రం చిల్లుకుండలా కారిపోతోంది. భూమ్మీద కంట్రోల్ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, దానికి ఆదేశాలు పంపుతోంది చిన్నక్క.

ఆ గదిలో అందరికీ ఆమె చిన్నక్క. నౌకను నడిపేది ఆమె. ఆమె తోడబుట్టిన అక్క, అందరికీ పెద్దక్క, ఆ నౌక మీది గాలిపెట్టెను వయసులో ఉండగా తయారుచేసింది. సూర్యుడి నుంచి ఎడతెరిపి లేకుండా వీచే విద్యుదావేశం ఉన్న కణాల గాలిని పట్టి, ఎటు నుంచి, ఎంత వేగంగా, ఎంత వేడిగా వస్తోందో చెప్పే పరికరమది. "దానికి సంబంధాలు కూడా చూడమంటావేంటే" అని, పెట్టెను కన్నబిడ్డలా చూసుకునే ఆమెను అమ్మ ఎగతాళి చేసేది.

"అక్కా, నీ పెట్టె ఇంకా పలుకుతోందా?"

"పలుకుతోందే. ఎప్పుడూ ఎదురుగా కొట్టే గాలి ఇవాళ పక్క నుంచి కొడుతోంది."

చిన్నక్క గిరుక్కున తిరిగింది. గాలి వచ్చేది సూర్యుడి వైపు నుంచే కదా! అది ఏ పక్క తగులుతోందో తెలిస్తే, నౌక ఎంత ఒరిగిందో తెలిసినట్టే.

ఇద్దరూ కలిసి లెక్కకట్టారు. నౌకను తిప్పాలంటే చిన్న ఇంజిన్లు వెలిగించాలి. మిగిలిన కరెంటు వాటికి చాలదు. మిగతావన్నీ ముందే ఆపేశారు, ఆపడానికి ఇక మిగిలింది ఒక్కటే, గాలిపెట్టెను వెచ్చగా ఉంచే హీటర్. ముసలి పరికరం, ఒకసారి చలికి బిగుసుకుపోతే మళ్లీ లేవడం కల్ల.

చిన్నక్క లెక్కను మళ్లీ మొదటి నుంచి చూసింది. "ఇంకేదైనా దారి చూద్దాం అక్కా..."

"దారుంటే నా మొహం ఇలా చూడవు నువ్వు." అంది పెద్దక్క. "నౌకే పోయాక పెట్టెనేం చేసుకోను? ఆపెయ్యవే."

ఆపింది. తెర మీద గాలి గీత తెగిపోయింది. ఇంజిన్లకు ఆదేశం వెళ్లింది. జవాబు లేదు. మళ్లీ పంపింది. లేదు. రెండింటినీ నా చేతులతోనే చంపుకున్నానా అనుకుంది చిన్నక్క. మూడోసారి పంపాక సన్నగా సంకేతం అందింది. పలకల మీద ఎండ పడింది! ఎవరో చప్పట్లు కొట్టబోయి, పెద్దక్కను చూసి చేతులు దించుకున్నారు.

సాయంత్రానికి బ్యాటరీ నిండింది, హీటర్ వేశారు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. పొద్దున ఆపేసిన, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం మాత్రం మళ్లీ లేచి తన పని తాను చేసుకుపోతోంది.

"ఇంకొక్కసారి పంపవే. ఇంకా వెచ్చబడలేదేమో," అంది పెద్దక్క.

వెచ్చబడి చాలాసేపైంది. వేడి ఎంతుందో తెర మీద కనబడుతూనే ఉంది, ఇద్దరికీ.

"పంపుతా అక్కా."

పంపింది. ఇద్దరూ ఎదురుచూశారు. ఏమీ రాలేదు. పెద్దక్క ఏమీ అనకముందే చిన్నక్క మళ్లీ పంపింది.