నూరో మనిషి

ఫార్మసీ రెండో ఏడాదిలో ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు ముగ్గురున్నారు. అయినా తరగతి మొత్తం ఆమెనే అక్క అనేది. చంకలో పది నెలల పిల్లతో చదువుకునేది ఆమె ఒక్కతే మరి.

అక్కకొచ్చిన కష్టం చూడ్డానికి చిన్నదే. పరీక్షకు కావలసిన లావుపాటి పుస్తకాలు విద్యార్థి సంఘం నడిపే చదువుల గదిలో ఉంటాయి, ఇంటికి ఇవ్వరు. మధ్యాహ్నం అత్తగారు కుట్టుపనికి వెళ్తారు, మొగుడు బస్సు డ్యూటీ ఎక్కుతాడు. పిల్లను ఎత్తుకుని ఆ గదికి వెళ్తే తలుపు మీద అట్ట ఉంటుంది: పిల్లలకు ప్రవేశం లేదు. పరీక్ష నెల రోజుల్లో ఉంది. కిందటిసారి అక్క తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది.

"ఆ రూలు పైనుంచి ఊడిపడలేదక్కా. మన సంఘమే పెట్టింది, మనమే తీసేయొచ్చు" అంది పక్కన కూర్చునే కళ్లద్దాల పిల్ల.

ఎలాగో కూడా ఆ పిల్లే చెప్పింది. తీర్మానం రాయాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, ఇరవైమంది సంతకాలు చెయ్యాలి. సర్వసభ్య సమావేశానికి వారం ముందే అధ్యక్షుడి చేతికివ్వాలి. సభలో కనీసం నూరుమంది ఉండాలి, చేతులెత్తినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి.

అక్క ఆ రాత్రే నాలుగు పేజీలు రాసింది. అందులో పిల్లకు పళ్లొస్తున్న సంగతితో సహా అన్నీ ఉన్నాయి, ఏం కావాలో మాత్రం లేదు. అధ్యక్షుడు లా చదివే కుర్రాడు, పాతికేళ్లు నిండలేదు. కానీ నిబంధనల పుస్తకం వదలకుండా తిరుగుతాడని అందరూ తాతగారు అంటారు. ఆయన నాలుగు పేజీలూ ఓపికగా చదివి తిరిగిచ్చాడు. ఇది ఉత్తరమే కానీ తీర్మానం కాదన్నాడు. ఏం జరుగుతోంది, సంఘం ఏమనుకుంటోంది, ఏం చెయ్యాలి, ఈ మూడూ రాసి మిగతాది కొట్టేయమన్నాడు. అక్కకు ఒళ్లు మండింది. అయినా కొట్టేసింది. తొమ్మిది వాక్యాలు మిగిలాయి. ఇరవై సంతకాలు కావలసిన చోట అరవై ఒకటి వచ్చాయి.

అడ్డుపడేవాడు ఉండనే ఉన్నాడు. చదువుల గదికి కార్యదర్శి. నిశ్శబ్దం గురించి గంటసేపు మాట్లాడగలడు కాబట్టి అతనికి మౌనస్వామి అని పేరు పడింది. పిల్లల్ని రానిస్తే గది కాస్తా సంత అవుతుందని వారం రోజులు కనబడ్డవాడికల్లా చెప్పాడు.

సమావేశానికి నూట పన్నెండు మంది వచ్చారు. అక్క లేచి తన తొమ్మిది వాక్యాలు చదివింది. గది వెనక భాగంలో రెండు బల్లలు పిల్లలున్నవాళ్లకు కేటాయించాలి, పిల్ల ఏడిస్తే తల్లో తండ్రో బయటికి తీసుకెళ్లాలి, అంతే. ఒక్క మాటా తడబడలేదు. చప్పట్లు మోగాయి. మౌనస్వామి ముఖం మాడిపోయింది.

ఆ పూటకు పని మాని పిల్లను చూస్తానన్న అత్తగారు అప్పుడే గుమ్మంలో కనబడ్డారు. పని చోటినుంచి కబురొచ్చిందట, వెళ్లక తప్పదట. పిల్లను అక్క చేతిలో పెట్టి, "నేను ఉందామనే అనుకున్నానే తల్లీ" అంటూ వెళ్లిపోయారు. సభ హాలు తలుపు మీదా అదే అట్ట ఉంది. అక్క పిల్లతో వరండాలోకి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడింది.

ఓటు పెడితే ఓడిపోతానని మౌనస్వామికి అర్థమైంది. కనుసైగ చేశాడు. అతని మనుషులు పన్నెండు మంది ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. సంఖ్య తగ్గిందని సభలో ఉన్న సభ్యుడే లేవనెత్తాలి కాబట్టి అతను మాత్రం కదల్లేదు. చెయ్యెత్తి, తలలు లెక్కపెట్టమన్నాడు.

తాతగారు రెండుసార్లు లెక్కపెట్టాడు. తనతో కలిపి, అడిగినవాడితో కలిపి, తొంభై తొమ్మిది. నూరు లేకపోతే సభ లేదు. సభ లేకపోతే తీర్మానం పరీక్షలయ్యాకే. కిటికీలోంచి ఆ అంకె అక్కకు వినబడింది. ఇన్ని రోజుల శ్రమ ఒక్క మనిషి తక్కువై కూలిపోతోంది, ఆ ఒక్క మనిషీ తనే.

కళ్లద్దాల పిల్ల లేచింది. "తాతగారూ, ప్రతిపాదించినావిడ వరండాలో ఉంది. లోపలికి రావచ్చా?"

పిల్లతో కుదరదన్నాడు మౌనస్వామి, అట్ట చూపించాడు. తాతగారు పుస్తకం తెరిచాడు. తీరిగ్గా పేజీలు తిప్పాడు. 

"పిల్లల రూలు చదువుల గదికి మాత్రమే. సభకు ఏ సభ్యుడైనా రావచ్చు అని ఉంది. చేతిలో ఏముండకూడదో ఎక్కడా లేదు. ఈ తలుపు మీద ఆ అట్ట ఎవరు పెట్టారో నాకు తెలియదు. రండమ్మా."

అక్క గడప దాటింది. నూరు.

మౌనస్వామి గభాలున లేచి తలుపు వైపు నడిచాడు. తాతగారు అంతకంటే ముందే ఓటు మొదలైనట్టు గంట కొట్టాడు. ఓటు మొదలయ్యాక తలుపులు మూస్తారు, లెక్క తేలేదాకా ఎవరూ బయటికి వెళ్లకూడదు. ఆ నియమం కిందటేడు పట్టుబట్టి పెట్టించింది మౌనస్వామే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. బయట అతని పన్నెండు మందీ తలుపు బాదారు. ఎవరూ తియ్యలేదు.

సభ్యత్వ కార్డులు పైకి లేచాయి. అనుకూలం ఎనభై నాలుగు. వ్యతిరేకం తొమ్మిది. మిగతా ఏడుగురూ చేతులు ఎత్తలేదు.

"తీర్మానం నెగ్గింది. ఈ క్షణంనుంచే అమలు" అన్నాడు తాతగారు.

హాలు హోరెత్తిపోయింది. కళ్లద్దాల పిల్ల బల్లెక్కి గంతులేసింది. అంత గోలలో మేలుకోకుండా ఉన్నది అక్క భుజం మీది పిల్ల ఒక్కతే. అక్క మాత్రం వలవలా ఏడ్చింది. గెలవడం ఎలా ఉంటుందో ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఊరేగిద్దామని చేతులు పట్టుకున్నారు. "ఉండండర్రా, పరీక్ష ఉంది" అని విడిపించుకుని, కళ్లు తుడుచుకుని, చదువుల గదిలోకి నడిచింది. వెనక బల్ల దగ్గర కుర్చీ లాక్కుని పిల్లను ఒళ్లో సర్దుకుంది. పుస్తకం మొదటి పేజీ తెరిచింది. గది మూసేదాకా లేవలేదు.